పాస్‌పోర్టు గురించి నాన్నగారికి

నాన్నగారికి నమస్కారం,

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో జర్మనీ పాస్‌పోర్టు తీసుకుంటానన్న మాట ఎత్తగానే మీరు ఏమీ అనకుండా ఫోన్ అమ్మ చేతికిచ్చి వాకిట్లోకి వెళ్ళిపోయారు. అప్పట్నుంచీ నా మనసు మనసులో లేదు. ఫోన్లో చెప్పబోతే ఏడుపొస్తుంది, అందుకే రాస్తున్నా, నిదానంగా చదవండి.

స్టుట్‌గార్ట్ వచ్చి ఏడేళ్ళయింది. మొదట్లో ఎంత బిక్కుబిక్కుమంటూ ఉన్నానో మీకెప్పుడూ చెప్పలేదు. ఆదివారం మిక్సీ వేశానని కింది పోర్షన్ ఆవిడ మా తలుపుకి చీటీ అంటించింది, ఆదివారం ఇక్కడ చప్పుడు చెయ్యకూడదట, ఎవరూ చెప్పలేదు, ఫోన్లో ఒక్కో మాటకీ అర్థం చూసుకుంటూ చీటీ చదివి ఆ రోజంతా ఇంట్లో చెప్పుల్లేకుండా మునివేళ్ళ మీద తిరిగా. ఇంగువ పోపు వాసన బయటికెళ్తుందేమోనని భయం. కేర్‌వోఖె అని ఒకటుంది, వారానికో ఇంటివాళ్ళ వంతు, మెట్లు ఊడ్చి తుడవాలి, వంతొచ్చిన వాళ్ళ తలుపుకి చిన్న బోర్డు తగిలిస్తారు. మొదటిసారి మా తలుపుకి చూసి ఏం తప్పు చేశామో అని వణికిపోయా. ఇప్పుడు శనివారం పొద్దున్నే మెట్లు తుడిచి ఆ బోర్డు నేనే తీసుకెళ్ళి ఎదురింటి తలుపుకి తగిలిస్తా. ఆ చీటీ పెట్టిన ఆవిడే కిందటేడు నాకు జ్వరమొస్తే గిన్నెతో సూప్ తెచ్చింది, ఇకనుంచి నన్ను నువ్వు అనమంది కూడా. ఇక్కడా మనలాగే మీరు, నువ్వు తేడా ఉంది నాన్నగారూ, వీళ్ళు ఆ మాట అంత తేలిగ్గా అనరు. ఆ మాటకి నాకు ఐదేళ్ళు పట్టింది.

నా బెంగ పాప గురించే. రాత్రి నిద్రలో "నైన్, దాస్ ఇస్ట్ మైన్స్" అని కలవరించింది, వద్దు అది నాది అని. కలలో కూడా జర్మనే. అందుకే పడుకునేముందు రోజూ అరగంట తెలుగు కథలే చెప్తున్నా, మీరు చెప్పినవే.

ఇప్పుడు పాస్‌పోర్టు సంగతి. 2024 జూన్ 27 నుంచి ఇక్కడ చట్టం మారింది, ఐదేళ్ళుంటే ఇక్కడి పౌరసత్వానికి అప్లై చెయ్యొచ్చు, పాత పౌరసత్వం వదులుకోమని వీళ్ళు అడగరు. రెండూ ఉండకూడదనేది మన దేశం రూలే. అంటే నా నీలం పాస్‌పోర్టు సరెండర్ చెయ్యాలి, ఆ మాట రాస్తుంటేనే చెయ్యి ఆడట్లేదు. బీ1 అని మధ్యస్థాయి జర్మన్ భాషా పరీక్ష పాసయ్యా, పౌరసత్వానికి 33 ప్రశ్నల పరీక్ష ఉంటుంది, 17 సరిగ్గా రాస్తే చాలు, అదీ అయిపోయింది. కష్టమైంది మీకు చెప్పడమే.

ఎందుకంటే వినండి. ఇప్పుడు నాకున్న, ఇక్కడ ఉండే పర్మిట్‌తో మామూలుగా ఆరు నెలలు దాటి జర్మనీ బయట ఉంటే అది పోతుంది. అమ్మ మోకాలి ఆపరేషన్‌కి వచ్చినప్పుడే అనుకున్నా, రేపు మీకెవరికైనా ఏడాదిపాటు నేను పక్కనుండాల్సొస్తే ఏంటి దారి అని. ఈ పాస్‌పోర్టు, దానిమీద ఓసీఐ కార్డు, అంటే వేరే దేశం పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకి మన దేశం ఇచ్చే కార్డు, ఉంటే వీసా గొడవ లేకుండా మనింట్లో ఎన్నాళ్ళైనా ఉండొచ్చు. అక్కడ ఓటు పోతుంది, నిజమే, ఆ బాధ నాకూ ఉంది. కానీ ఏడేళ్ళుగా ఇక్కడ టాక్స్ కడుతున్నా, ఇక్కడా ఓటు లేదు. పొలం గురించి దిగులు పడకండి, ఓసీఐ వాళ్ళు సాగుభూమి కొనకూడదు గానీ వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు.

వచ్చే నెలలో కాగితాలు ఇవ్వాలి. ఈ ఆదివారం ఫోన్ చేస్తా. కోపమొస్తే తిట్టండి నాన్నగారూ, ఫోన్ మాత్రం అమ్మకిచ్చెయ్యకండి.

మీ చిన్నమ్మాయి