బత్తాయి పాదుల్లో రాగి, వేరు శిలీంధ్రం

సంపాదకులకు నమస్కారం.

బత్తాయి, నిమ్మ తోటల్లో వ్యామ్ (వేళ్లతో కలిసి బతికే మేలు చేసే శిలీంధ్రం) వాడకం గురించి వ్యవసాయ పేజీలలో వచ్చే వ్యాసాలు దాదాపు అన్నీ భాస్వరం దగ్గరే ఆగిపోతున్నాయి. ఈ జాతి చెట్లకు మూలకేశాలు తక్కువ, ఉన్నవి కూడా పొట్టివి కాబట్టి అవి శిలీంధ్రపు పోగుల మీద ఆధారపడి భాస్వరం తీసుకుంటాయన్నది నిజమే. కానీ ఆ పోగులు మట్టిలో వదిలే జిగురు ప్రొటీన్ గురించి రైతుకు ఎవరూ చెప్పడం లేదు.

గ్లోమాలిన్ అనే ఆ పదార్థాన్ని 1996లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త సారా రైట్ వెలుగులోకి తెచ్చారు. మట్టి నుంచి తీసేటప్పుడు వేరే ప్రొటీన్లు కూడా కలిసి వస్తాయి గనుక ఇప్పుడు దానిని 'గ్లోమాలిన్ సంబంధ మృత్తికా ప్రొటీన్' అని ఆచితూచి అంటున్నారు. (దానిని కరిగించి తీయడానికి ప్రయోగశాలలో వాడేది సోడియం సిట్రేట్, అంటే నిమ్మ పులుపు తాలూకు లవణమే!) కలుషిత నేలల నుంచి తీసిన ఒక గ్రాము గ్లోమాలిన్‌లో 4.3 మిల్లీగ్రాముల వరకు రాగి, 1.12 మిల్లీగ్రాముల వరకు సీసం పట్టుబడి ఉన్నట్లు 2004లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. లోహం నేలలోనే ఉంటుంది, ఎక్కడికీ పోదు. వేరుకు అందకుండా కొంత కట్టుబడి ఉంటుంది, అంతే.

మన తోటలకు ఇది ఎందుకు పట్టాలంటే, బంక తెగులుకూ గజ్జి తెగులుకూ మనం ఏళ్ల తరబడి రాగి మందులనే నమ్ముకున్నాం. ఒక శాతం బోర్డో మిశ్రమానికి వంద లీటర్ల నీటిలో కలిపే కిలో మైలుతుత్తంలో సుమారు పావు కిలో రాగి ఉంటుంది, అందులో చాలా భాగం చివరికి పాదులోకే దిగుతుంది. ఇలా రాగి పేరుకుని నిమ్మజాతి చెట్లు దెబ్బతిన్న ఉదంతాలు ఫ్లోరిడాలో ఉన్నాయి. రాగి మితిమీరితే దానిని పట్టి ఉంచే శిలీంధ్రమే ముందు నలిగిపోతుంది.

మా తోటలో గడ్డి వదిలిన పాదు నుంచి ఒక మట్టి పెళ్ల, రోటవేటర్ తిరిగిన సాలు నుంచి మరొకటి తెచ్చి రెండు గాజు గ్లాసుల నీళ్లలో వేశాను. రెండోది చూస్తుండగానే బురదైంది. మొదటిది సాయంత్రానికి కూడా అంచు విరగలేదు. ఇది గ్లోమాలిన్ ఒక్కదాని పనే అనను, సేంద్రియ పదార్థం వాటా కూడా ఉంటుంది. అయితే చైనాలోని యాంగ్జీ విశ్వవిద్యాలయ పరిశోధకులు మూడాకుల నారింజ మొక్కలపై చేసిన ప్రయోగాలలో కూడా ఈ ప్రొటీన్ పెరుగుదల, మట్టి రేణువుల గట్టిదనం జతగానే కనిపించాయి.

వ్యామ్ సజీవమైన వేరు మీదే బతుకుతుంది కనుక కాపు చెట్టు పాదు పైన చల్లడం కన్నా నర్సరీలోనే అంటు మొక్క సంచి మట్టిలో కలపడం మేలు. కిందటేడు ఒక దుకాణంలో వ్యామ్ పొట్లం, పాదులో పోయడానికి కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు రెండూ ఒకే బిల్లులో కట్టి, ఒకే రోజు వేయమని చెప్పి పంపారు. నా భూసార కార్డులోనేమో రాగి ఎదురుగా 'సరిపడా' అని ఉంది గానీ, ఎంత దాటితే ప్రమాదమో చెప్పే గడి లేదు. ఉద్యాన శాఖ తోటల కార్డులకు ఆ గడిని చేర్పించాలని, ఈ విషయంపై మీ వ్యవసాయ పేజీలో శాస్త్రవేత్తల చేత రాయించాలని కోరుతున్నాను.

– ఒక బత్తాయి రైతు, నల్లగొండ జిల్లా