కాంకున్ వెళ్తున్నావుగా తల్లీ, ఆ నేల కింద నీళ్లు కూడా చూసి రా

చిన్నీ,

క్రిస్మస్ సెలవులకి మీరంతా మెక్సికోలో సముద్రం ఒడ్డున ఉన్న కాంకున్ వెళ్తున్నారని, గదీ తిండీ అన్నీ కలిపి ఇచ్చే ఆల్ ఇన్‌క్లూజివ్ రిసార్టు కూడా బుక్ అయిపోయిందని అమ్మ చెప్పింది. మంచి పని చేశారు. అల్లుడు గారికి ఈ ఏడాదంతా సరైన సెలవే లేదు, పిల్లలకీ సముద్రం అంటే ప్రాణం. ఫోన్‌లో చెప్పబోతే మధ్యలో నీకు ఇంకో కాల్ వస్తుంది, అందుకే ఇలా రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

నాకున్న బెంగ ఒక్కటే. ఎయిర్‌పోర్టులో దిగి, వ్యాన్ ఎక్కి, చేతికి ఆ రంగు పట్టీ కట్టించుకుని, తిరిగి వెళ్లే రోజు దాకా మీరు ఆ గేటు దాటరేమో అని. పోయిన చలికాలం అన్నయ్యావాళ్లతో మేం వెళ్లినప్పుడు మా పక్క గదుల్లోవాళ్లు చాలామంది అలాగే ఉండిపోయారు. సముద్రం బాగుంటుంది, కాదనను, అంత నీలం నేనెక్కడా చూడలేదు, ఆ తెల్ల ఇసుక ఎక్కువగా సున్నపు రేణువులే కాబట్టి మిట్టమధ్యాహ్నం కూడా కాళ్లు కాలవు. కానీ ఉద్యోగం ఉన్నన్నాళ్లూ భూగర్భ జలాల శాఖలో బోర్ల చుట్టూ తిరిగినవాణ్ణి, నా చూపు ఇసుక మీద కంటే దాని కింద ఉన్న రాయి మీదికే పోయింది. ఆ రాయిని, అందులోని నీళ్లని చూడకపోతే ఆ దేశాన్ని సగం కూడా చూసినట్టు కాదని నా నమ్మకం.

కాంకున్ ఉన్న యుకటాన్ ద్వీపకల్పం ఉత్తర భాగంలో నేల మీద పారే నది ఒక్కటి కూడా లేదమ్మా. వానలు లేక కాదు, ఆ తీరంలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైనే పడుతుంది. అంతా సున్నపురాయి, పడిన నీళ్లు పడినట్టే లోపలికి దిగిపోతాయి, దిగుతూ దిగుతూ రాయిని కరిగించి గుహలు చేస్తాయి, ఎప్పుడో ఒకచోట గుహ పైకప్పు కూలిపోతుంది, అప్పుడు కింద ఉన్న నీళ్లు ఆకాశానికి కనపడతాయి. దాన్నే సెనోటే అంటారు. నీ చిన్నప్పుడు బెలూం గుహలకి తీసుకెళ్లాను కదా, అక్కడా ఈ పని చేసింది నీళ్లే. కాకపోతే బెలూం పొడవు మూడు కిలోమీటర్ల పైచిలుకు, ఇక్కడ కాంకున్‌కి దక్షిణాన తీరంలో ఉన్న తులూమ్ అనే ఊరి దగ్గర డైవర్లు 2018లో రెండు నీటి గుహలు ఒకదానితో ఒకటి కలిసే ఉన్నాయని తేల్చితే మొత్తం కొలత 347 కిలోమీటర్లు వచ్చింది. సాక్ అక్తున్ అంటారు దాన్ని. మీరు కారులో తులూమ్ వెళ్లేటప్పుడు రోడ్డు కింద, ఆ అడవి కింద నీళ్లు సముద్రం వైపు నడుస్తూనే ఉంటాయి.

తులూమ్ ఊరి దగ్గర గ్రాన్ సెనోటే, దోస్ ఓహోస్ అని రెండున్నాయి, పిల్లలతో వెళ్లడానికి వీలుగా ఉంటాయి. చెక్క మెట్లు దిగి వెళ్లాలి. లైఫ్ జాకెట్ వేసి, కళ్లద్దాలు పెట్టి, పెద్దాణ్ణి ఒక్కసారి ముఖం నీళ్లలో ముంచి చూడమను. నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే అడుగున రాళ్లు చేతికందేలా కనిపిస్తాయి, గుహ పైకప్పు నుంచి దిగిన రాతి ఊడలు నీళ్ల లోపల కూడా వేలాడుతుంటాయి. వాడు అడుగుతాడో లేదో, నువ్వే అడుగు, నీళ్లలో ఇవెలా పెరిగాయిరా అని. అవి గాలిలో చుక్కచుక్కగా నీరు కారితేనే పెరుగుతాయి, నీళ్లలో పెరగవు. అంటే ఒకప్పుడు ఆ గుహ ఎండిపోయి ఉంది. మంచుయుగంలో సముద్రం ఇప్పటికంటే వంద మీటర్లకు పైగా కింద ఉండేది, మంచు కరిగి సముద్రం పైకొచ్చాక గుహలు మునిగిపోయాయి. ఇంత సంగతి ఒక రాతి ఊడని చూసి తెలుసుకోవచ్చు, పదేళ్ల పిల్లాడికి ఇంతకంటే మంచి పాఠం ఏముంటుంది.

ఆ మునిగిన గుహల్లోనే ఒయో నెగ్రో అనే పెద్ద గొయ్యిలో 2007లో డైవర్లకి ఒక అమ్మాయి ఎముకలు దొరికాయి. పదిహేను పదహారేళ్ల పిల్ల. పన్నెండు పదమూడు వేల ఏళ్ల కిందట, బహుశా చీకట్లో నీళ్ల కోసం వెతుక్కుంటూ వెళ్లి ఆ గొయ్యిలో పడిపోయింది. పక్కనే కత్తి కోరల పులుల ఎముకలు, స్లాత్ అనే పెద్ద పెద్ద జంతువుల ఎముకలు కూడా ఉన్నాయి. డైవర్లు ఆ పిల్లకి నాయా అని పేరు పెట్టుకున్నారు. ఇది చదివిన రోజు నాకు చాలాసేపు మనసు మనసులో లేదు.

ఇక చిచెన్ ఇట్జా, ఆ ప్రాంతపు మూలవాసులైన మాయా వాళ్లు కట్టిన పాత నగరం. కాంకున్ నుంచి దాదాపు 200 కిలోమీటర్లు, కారులో రెండున్నర గంటలు. టూరు బస్సు మాత్రం ఎక్కొద్దు, మేమెక్కిన బస్సువాళ్లు దారిలో ఒక బొమ్మల షాపు దగ్గర గంటకు పైగా ఆపేశారు, లోపలికి వెళ్లేసరికి ఎండ నడినెత్తికొచ్చింది, అమ్మకి కళ్లు తిరిగాయి. తెల్లవారుజామునే బయల్దేరి గేటు తీసే వేళకి అక్కడుండండి. ఆ పెద్ద పిరమిడ్‌కి నాలుగు వైపులా ఒక్కోవైపు 91 మెట్లు, పైన ఒకటి, మొత్తం 365 అని గైడ్లందరూ చెప్తారు. వాళ్లలో ఎక్కువమంది చెప్పనిది ఒకటి నేను చెప్తాను. 2015లో మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ పిరమిడ్ చుట్టూ నేలలో ఎలక్ట్రోడ్లు పెట్టి, కరెంటు పంపి, నేల దాన్ని ఎంత అడ్డుకుంటుందో కొలిచారు. మేం బోరు పాయింటు పెట్టే ముందు రాడ్లు దిగ్గొట్టి చేసే రెసిస్టివిటీ సర్వేనే, వాళ్ల పరికరాలు ఇంకా పెద్దవి, అంతే. పిరమిడ్ సరిగ్గా కింద నీళ్లున్న పెద్ద గుంట ఉందని తేలింది. ఆ మీటరు పట్టుకుని మెట్ట పొలాల్లో తిరిగినవాణ్ణి, ఆ మెట్ల ముందు నిలబడితే నాకెలా ఉండి ఉంటుందో నువ్వే ఊహించుకో. అన్నయ్య ఫొటోలు తీస్తుంటే నేను నేల వైపే చూస్తూ నిలబడ్డాను.

అక్కడే ఒక దారి వెంట నడిస్తే పవిత్ర సెనోటే వస్తుంది, సుమారు 60 మీటర్ల వెడల్పు, నిలువు గోడలు, చాలా లోతున పచ్చటి నీళ్లు. అందులో ఎవరినీ దిగనివ్వరు. మాయా వాళ్లు వాన దేవుడు చాక్ కోసం అందులో బంగారం, పచ్చరాళ్లు వేసేవాళ్లు, మనుషుల్ని కూడా. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఎడ్వర్డ్ థాంప్సన్ అనే అమెరికన్ అడుగు తోడించి ఆ వస్తువుల్ని హార్వర్డ్ పీబాడీ మ్యూజియంకి పంపేశాడు, కొన్ని మాత్రమే తర్వాత వెనక్కొచ్చాయి. మనుషుల్ని బలివ్వడం మాట పిల్లల దగ్గర దాచకు, ఘోరమని చెప్పు. అలాగే వాన రాకపోతే ఊరు ఏమైపోతుందో కూడా చెప్పు. దక్షిణాన చిచాన్‌కనాబ్ అని ఒక సరస్సు ఉంది, 1995లో శాస్త్రవేత్తలు దాని అడుగు మట్టిని పొరపొరగా పరీక్షించి, క్రీ.శ. 800 నుంచి 1000 దాకా ఆ ప్రాంతాన్ని భయంకరమైన కరువులు పట్టుకున్నాయని చెప్పారు. మాయా పెద్ద నగరాలు ఎన్నో పాడుబడింది ఆ కాలంలోనే. యుద్ధాలని, ఇంకోటని కారణాలు చాలా చెప్తారు, కానీ సీమలో పుట్టి పెరిగినవాడికి కరువు ఒక ఊరిని ఎలా ఖాళీ చేయిస్తుందో ఒకరు చెప్పక్కర్లేదు. భూగర్భ జలం బాగా లోతున్న ఉష్మల్ లాంటి చోట్ల వాళ్లు నేలలో సీసా ఆకారంలో గోతులు తవ్వి, లోపల సున్నం పూసి, వాన నీళ్లు నింపుకున్నారు. ఇనుప పనిముట్టు ఒక్కటి లేకుండా. ఆ పనితనానికి నేను చేతులెత్తి మొక్కుతాను.

మాయా వాళ్లు అంతరించిపోయారు అని ఎవరైనా పిల్లలకి చెప్తే మాత్రం నువ్వు ఊరుకోకు. 1562లో మానీ అనే ఊళ్లో దియెగో దె లాందా అనే పాదిరి వాళ్ల పుస్తకాల్ని కుప్పపోసి తగలబెట్టించాడు, ఇవాళ ప్రపంచం మొత్తంలో మిగిలినవి నాలుగే. అంత జరిగినా వాళ్ల భాష పోలేదు, యుకటాన్‌లో ఇప్పటికీ ఏడున్నర లక్షల మందికి పైగా మాట్లాడతారు. 1847లో తిరగబడి, 1901 దాకా మెక్సికో సైన్యానికి లొంగకుండా ఈ తీరం అడవుల్లో నిలిచారు. రిసార్టులో మీ గది సర్దే ఆమె, తోట పని చేసే ఆయన, అలాంటివాళ్లలో చాలామంది ఆ ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. కోబా అనే ఇంకో పాత మాయా నగరానికి వెళ్లినప్పుడు మా గైడు వాళ్లమ్మతో ఫోన్‌లో మాయాలోనే మాట్లాడాడు. ఆ ఊళ్లోనే ఒక ఇంటి ముందు ఒకామె మొక్కజొన్న ముద్దని రెండు అరచేతుల మధ్య తట్టి తట్టి రొట్టె చేసి పెనం మీద వేస్తుంటే అమ్మ అక్కడే కూర్చుండిపోయింది, భాష రాకపోయినా ఇద్దరూ చేతులతోనే అన్నీ చెప్పుకున్నారు. మొక్కజొన్నని సున్నం నీళ్లలో ఉడికించి, నానబెట్టి, కడిగి, అప్పుడు రుబ్బుతారు. వేల ఏళ్లుగా అదే పద్ధతి. కోబా తప్పకుండా వెళ్లండి, 42 మీటర్ల పిరమిడ్ ఉంది, దాని కంటే నాకు నచ్చింది అక్కణ్ణుంచి అడవిలోకి పోయే పాత రాతి బాట, దాదాపు వంద కిలోమీటర్లు వేశారు, బండి లాగే పశువు లేని కాలంలో.

తులూమ్ శిథిలాలు చిన్నవే, పొద్దున్నే వెళ్తే రెండు గంటల్లో అయిపోతుంది. మూడు వైపులా రాతి గోడ, నాలుగో వైపు కొండ అంచు, దాని కింద సముద్రం. ఉప్పు, తేనె, చాక్లెట్ చేసే కకావ్ గింజలు పడవల్లో వచ్చి పోయే రేవు అది. రాళ్ల మీద ఇగ్వానాలనే పెద్ద బల్లులు ఎండ కాగుతుంటాయి, చిన్నదానికి అవే బాగా నచ్చుతాయి.

ఇప్పుడు గట్టిగా చెప్పాల్సిన మాట. కాంకున్ 1970లో ప్రభుత్వం గీత గీసి మొదలుపెట్టిన ఊరు, అంతకు ముందు అక్కడ ఇసుకతిన్నె, కొబ్బరి చెట్లు, కొద్దిమంది జాలర్లు. ఇవాళ తీరం పొడుగునా హోటళ్లే. ఆ సున్నపురాయికి జల్లెడకున్నన్ని కన్నాలు, పైన ఏది వదిలినా వడపోత లేకుండా నేరుగా ఆ నీళ్లలోకి, అక్కణ్ణుంచి పగడాల మీదికి పోతుంది. మురుగు పోతుంది, మనం ఒంటికి రాసుకున్న సన్‌స్క్రీన్ కూడా పోతుంది. కాబట్టి సెనోటేలో దిగే ముందు షవర్ కింద శుభ్రంగా కడుక్కోండి, ఎవరూ చూడకపోయినా సరే. పొడుగు చేతుల ఈత బట్టలు కొను, క్రీమ్ అవసరమే తగ్గుతుంది. కాంకున్, తులూమ్ మధ్య కొత్త రైలు మార్గం కోసం ఆ గుహల పైకప్పుల్లోంచి ఇనుప స్తంభాలు దింపారు. రైలు వల్ల ఆ ఊళ్లకి మేలు ఉండొచ్చు, కానీ తాగే నీళ్లున్న గుహలోకి స్తంభం దించడం నాకు ససేమిరా నచ్చలేదు.

తిండి సంగతి. అమ్మలాగా నీకూ శాకాహారం పట్టింపు కదా, అక్కడ బీన్స్ కూర చూడటానికి శాకాహారంలాగే ఉంటుంది కానీ పంది కొవ్వుతో వండుతారు చాలాచోట్ల, "సిన్ మాంతేకా", అంటే కొవ్వు లేకుండా, అని అడుగు. హబనేరో అనే బాగా ఘాటు మిరపకాయ పచ్చడి అంచుకి కొంచెం తగిలించి చూసి అప్పుడు వేసుకో. సపోటా చెట్టు అక్కడి అడవుల్లోదే, చూపించు పిల్లలకి, మన పెరట్లో చెట్టుకి పుట్టిల్లు ఇదేనని చెప్పు. ఆ చెట్టు పాలనే కాచి చూయింగ్ గమ్ చేసేవాళ్లు, మాయా వాళ్లు గుడి ద్వారబంధాలకి దాని కలపే వాడారు, వెయ్యేళ్లు దాటినా కొన్ని ఇంకా ఉన్నాయి.

డిసెంబర్ కాబట్టి తుపానుల టెన్షన్ లేదు, ఒడ్డుకి కొట్టుకొచ్చే ఆ గోధుమరంగు సర్గాసం నాచు కూడా అప్పుడు తక్కువే. పంపు నీళ్లు తాగొద్దు. పాస్‌పోర్టుల్లో అమెరికా వీసా తేదీలు ఇద్దరివీ ఇప్పుడే చూసుకోండి, అది చెల్లుబాటులో ఉంటేనే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. కోబా గైడు నంబరు అన్నయ్య దగ్గర ఉంది, మనిషి మంచివాడు, ఓపిగ్గా చెప్తాడు, నెల ముందే మాట్లాడుకో. సెనోటేకి ఒక రోజు, కోబాకి ఒక రోజు, చిచెన్ ఇట్జాకి ఒక రోజు, మిగతా రోజులన్నీ హాయిగా బీచ్‌లో పడుకోండి, నేనేమీ అనను.

అల్లుడు గారికి నమస్కారాలు చెప్పు, పిల్లలకి ముద్దులు.

ఆశీస్సులతో,
నాన్న