రిపోర్టు నార్మల్ వస్తే మాత్ర మానేయొచ్చా?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ ఆరోగ్యం పేజీలో కొలెస్ట్రాల్ మీద వచ్చిన వ్యాసం కటింగ్ ఇప్పుడు నా టేబుల్ మీద ఉంది. మా ల్యాబ్‌కి వచ్చిన ఒక పెద్దాయన చొక్కా జేబులోంచి తీసి చూపించి ఇక్కడే మర్చిపోయారు. పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా వచ్చి రక్తం ఇచ్చి, సాయంత్రం రిపోర్టు తీసుకుని "అమ్మా, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 92 వచ్చింది, నార్మలేగా, ఇంక మాత్రలు మానేస్తా, పేపర్లో కూడా రాశారు" అన్నారు. "మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే 92 వచ్చింది బాబాయ్ గారూ" అన్నాను. వింటేగా!

మీ వ్యాసంలో ఆ మాట ఉన్నది ఒక్క లైనే, అదుపులోకి వచ్చాక తిండి చూసుకుంటే చాలని. మిగతాదంతా గుడ్డు, నెయ్యి, వేపుళ్ల గురించే. కానీ మన ఒంట్లో ఉండే కొలెస్ట్రాల్‌లో తిండి నుంచి వచ్చేదానికంటే ఒళ్లు సొంతంగా తయారుచేసుకునేదే ఎక్కువ. ఆ తయారీకి కణం ఒక లెక్క పెట్టుకుంది, అది తెలిస్తే ఎవరూ ఆ లైను రాయరు.

రోడ్డు విస్తరణ అప్పుడు మున్సిపాలిటీ వాళ్లు వచ్చి కూల్చాల్సిన ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో మార్కు వేసి పోతారు కదా, కణంలో కూడా అచ్చం అలాంటి పనే జరుగుతుంది. ఏ ప్రొటీన్ అక్కర్లేదో దానికి యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్‌ను, 76 అమైనో ఆమ్లాలంత బుల్లిదాన్ని, ట్యాగ్‌లా తగిలిస్తారు. ఒకటి కాదు, సాధారణంగా గొలుసులా వరసగా. ఆ గొలుసు చూసి ప్రొటియాజోమ్ అనే యంత్రం ఆ ప్రొటీన్‌ను లోపలికి లాక్కుని ముక్కలు చేసేస్తుంది. తమాషా ఏంటంటే ట్యాగ్ మాత్రం పాడవదు, ఊడదీసి మళ్లీ వాడుకుంటారు. ఈ పద్ధతి కనిపెట్టినందుకే సీకనోవర్, హెర్ష్‌కో, రోజ్‌లకు 2004లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

కొలెస్ట్రాల్ తయారీలో కీలకమైన ఎంజైమ్ పేరు హెచ్‌ఎంజీ కోఏ రిడక్టేజ్. కణంలో కొలెస్ట్రాల్, దాని తయారీ దారిలో పుట్టే స్టెరాల్స్ (కొలెస్ట్రాల్ లాంటి పదార్థాలే) ఎక్కువైతే ఇన్సిగ్ అనే ప్రొటీన్ వచ్చి ఈ రిడక్టేజ్‌ను పట్టుకుంటుంది, పట్టుకోగానే దానికి ఎర్ర మార్కు పడుతుంది, ఇక ప్రొటియాజోమ్ దగ్గరికే. మామూలుగా గంటల తరబడి నిలిచే ఎంజైమ్, స్టెరాల్స్ పుష్కలంగా ఉంటే గంటలోపే సగానికి పడిపోతుంది. సరుకు గోడౌన్‌లో నిండుగా ఉంటే కొత్తది చేయడం ఎందుకని.

ఇప్పుడు స్టాటిన్ సంగతి, అంటే బాబాయ్ గారు మానేస్తానన్న కొలెస్ట్రాల్ మాత్ర సంగతి. అది ఈ రిడక్టేజ్ పనినే అడ్డుకుంటుంది. కొలెస్ట్రాల్ తగ్గిందని కాలేయ కణం గమనించి రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లోపలికి లాక్కునే రిసెప్టర్లను ఎక్కువగా పైకి పంపుతుంది, అందుకే మీ రిపోర్టులో అంకె తగ్గుతుంది. (ఈ రిసెప్టర్‌ను కనిపెట్టిన డల్లాస్‌లోని బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ ఇచ్చారు.) అయితే కణం అంతటితో ఊరుకోదు. కరువొచ్చిందనుకుని రిడక్టేజ్‌ను ఇంకా ఎక్కువ చేస్తుంది, పైగా ఎర్ర మార్కు వేయడం తగ్గిస్తుంది. ప్రయోగశాలలో పెంచిన కణాలకు స్టాటిన్ ఇచ్చినప్పుడు ఆ ఎంజైమ్ 200 రెట్ల దాకా పేరుకుపోయింది! అంటే మాత్ర వేసుకునే మనిషి కాలేయంలోనూ ఆ ఎంజైమ్ పేరుకుని చేతులు కట్టేసుకుని కూర్చుంటుంది, తాడు విప్పడమే ఆలస్యం. డోసు రెట్టింపు చేసినా ఎల్‌డీఎల్ ఇంకో 6 శాతం మాత్రమే తగ్గడం వెనక కూడా కణం చేసుకునే ఇలాంటి సర్దుబాట్లు ఉన్నాయి.

మాత్ర మానేస్తే ఏమవుతుందో ఇంక చెప్పాలా? కొన్ని వారాల్లోనే అంకె మళ్లీ పాత చోటికి. ఇలా మానేసి మూడు నెలలకి వచ్చిన ఒకావిడ, 168 చూసి "మీ మిషన్ పాడైందేమో చూడండమ్మా" అంది. మిషన్ బాగానే ఉంది.

స్టాటిన్లంటే నాకేం ప్రత్యేక ప్రేమ లేదు, కొందరికి కండరాల నొప్పులు వస్తాయి, కొందరికి డోసు మార్చాల్సి వస్తుంది, కానీ అది డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోవాల్సింది, కటింగ్ చూసి కాదు. తిండి జాగ్రత్త వద్దని కూడా నేను అనట్లేదు. రెండూ కావాల్సినవాళ్లు చాలామందే ఉన్నారు.

నా విన్నపం ఒక్కటే. అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో, "రిపోర్టు నార్మల్ వచ్చింది మాత్ర వల్లే, డాక్టర్‌ని అడక్కుండా ఆపొద్దు" అని వేయండి. వేస్తే ఆ కటింగ్ మా కౌంటర్ అద్దానికి నేనే అంటిస్తాను. బాబాయ్ గారిది కూడా తీసి పెట్టాను, వచ్చే నెల వస్తారుగా.

- ఒక ల్యాబ్ టెక్నీషియన్, నరసరావుపేట