దెయ్యం కామెడీ వేరు, దెయ్యం సినిమాని వెక్కిరించడం వేరు

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ సినిమా పేజీలో హారర్ కామెడీల లిస్ట్ చూశానండి, బానే ఉంది కానీ దెయ్యంతో కామెడీ చేసినవాటినీ దెయ్యం సినిమాల్నే వెక్కిరించినవాటినీ ఒకే గాటన కట్టేశారు.

నా లెక్కలో అసలు స్పూఫ్, అంటే ఇలా సినిమాల్నే వెక్కిరించే సినిమా అంటే 1974లో మెల్ బ్రూక్స్ తీసిన 'యంగ్ ఫ్రాంకెన్‌స్టైన్'. అందరూ కలర్‌లో తీస్తున్న రోజుల్లో పట్టుబట్టి బ్లాక్ అండ్ వైట్‌లో తీశాడు, పైగా అది వెక్కిరించే 1931 నాటి హారర్ సినిమా 'ఫ్రాంకెన్‌స్టైన్'లో వాడిన ల్యాబ్ సామాన్లే తెచ్చి పెట్టాడు. అందులో ఫ్రౌ బ్లూకర్ అని ఒకావిడ, ఆవిడ పేరెత్తితే చాలు బయట గుర్రాలు బెదిరి సకిలిస్తాయి, ఎందుకో చెప్పరు, అంతే. ఇగోర్ అనే అసిస్టెంట్ గూని ఒకసారి ఈ భుజం మీద, ఇంకోసారి ఆ భుజం మీద ఉంటుంది, మా ఆవిడ అది గమనించి నవ్వాపుకోలేక టీ ఒలకబోసుకుంది.

2000లో వచ్చిన 'స్కేరీ మూవీ'కీ నవ్వొస్తుంది గానీ అది వెక్కిరించిన హారర్ సినిమా 'స్క్రీమ్' చూడకపోతే సగం జోకులు గాల్లో కలిసిపోతాయి, బూతు కూడా ఎక్కువే, పిల్లలతో కూర్చోలేం.

మనకి 2017లో 'ఆనందో బ్రహ్మ' కాస్త దగ్గరగా వచ్చింది, మనుషుల్ని చూసి దెయ్యాలు హడలిపోవడం అన్న ఐడియా బావుంది. మిగతావి చాలావరకు ఇంటర్వెల్ దాకా నవ్వించి, తర్వాత ఫ్లాష్‌బ్యాక్‌లో దెయ్యానికి జరిగిన అన్యాయం చూపించి ఏడిపిస్తాయి, ఆ ఫ్లాష్‌బ్యాక్‌ని ఆటపట్టించేవాడు ఎప్పుడొస్తాడో ఏమో. ఈసారి స్పూఫ్‌ల లిస్ట్ మాత్రం విడిగా వేయండి సార్.

- మీ పాఠకుడు, రాజమండ్రి