పాపకు ఇన్సులిన్ ఆపేశారు: తోడు నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

మా పాపకు ఇన్సులిన్ ఆపేశారు. స్టెరాయిడ్ మాత్రలు ఆపాక షుగర్ దానంతటదే దిగివస్తుందని డాక్టరమ్మ మొదటి నుంచీ చెబుతూనే ఉన్నారు. అలాగే దిగింది. ఈ కబురు మీ అందరికీ ఒకేసారి చెప్పి, మనసారా దండం పెట్టుకోవాలని రాస్తున్నాను.

పాపకు లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, అని తెలిసిన నాటి నుంచి కావలి, ఒంగోలు, సింగరాయకొండ వైపు నుంచి రక్తం ఇవ్వడానికి వచ్చిన తమ్ముళ్ల ముఖాలన్నీ నాకు గుర్తున్నాయి. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు కాబట్టి అవసరమైన ప్రతిసారీ మళ్లీ ఎవరో ఒకరిని అడగవలసి వచ్చేది. చెన్నై దాకా రైలెక్కి వచ్చి ఇచ్చి వెళ్లారు. మీ రుణం తీరేది కాదు.

ఇక షుగర్ సంగతి. రక్త క్యాన్సర్‌కు వైద్యం జరుగుతున్న పిల్లకు షుగర్ ఏమిటని ఊళ్లో చాలామంది ఆశ్చర్యపోయారు. తీపి ఎక్కువ పెట్టారా అని అడిగినవారూ ఉన్నారు. రేపు ఇంకో తల్లి ఆ మాట పడకూడదని, డాక్టరమ్మ నాకు వివరించింది ఇక్కడ రాస్తున్నాను. మొదటి దశలో ఇచ్చే ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్లు ఒంట్లో ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. ఆ వారాల్లోనే ఆస్పరాజినేజ్ ఇంజెక్షన్ కూడా ఇస్తారు. లుకేమియా కణాలు బతకడానికి కావలసిన ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లాన్ని ఆ ఇంజెక్షన్ రక్తంలో లేకుండా చేస్తుంది. వైద్యానికి అదే ప్రాణం. కానీ దానివల్ల క్లోమంలో ఇన్సులిన్ తయారీ కూడా తగ్గుతుంది. ఉన్న ఇన్సులిన్ పనిచేయక, కొత్తది చాలినంత తయారుకాక కొందరు పిల్లలకు షుగర్ పెరుగుతుంది. తల్లి పెట్టిన తిండి దీనికి కారణం కాదు.

వార్డులో గూడూరు వైపు నర్సమ్మ ఒకరు ఉండేవారు. పాప వేలి కొసన కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువని చూపించింది ఆవిడే. "ఉదయం అంకె చూసి సంబరపడవద్దమ్మా, పొద్దున వేసిన మాత్ర సత్తా మధ్యాహ్నం అన్నం తిన్నాక తెలుస్తుంది" అని చెప్పారు. ఆవిడ అన్నట్టే, పరగడుపున వందలోపు ఉన్న పిల్లకు సాయంత్రానికి మూడు వందలు దాటేది. ఉదయం ఒక్కసారి చూసి ఊరుకుని ఉంటే మాకు తెలిసేదే కాదు. అమ్మా, మీకు పాదాభివందనం.

ఒకరోజు పరీక్షకు తీసిన రక్తం గొట్టంలో పేరుకున్నాక పైన లేత పసుపు రంగు నీరు ఉండవలసిన చోట పాలలా తెల్లగా తేలింది. నా కాళ్లు చల్లబడ్డాయి. ల్యాబ్‌లోని అబ్బాయి పని ఆపి బయటికి వచ్చి, అది ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు అని, ఇవే మందుల వల్ల పెరుగుతుందని, డాక్టరమ్మకు వెంటనే చెబుతానని ధైర్యం చెప్పాడు. నూనె, నెయ్యి బాగా తగ్గించమన్నారు. కడుపునొప్పి, వాంతులు వస్తే క్లోమం వాచిందేమో చూడాలి, క్షణం ఆలస్యం చేయవద్దన్నారు. దేవుడి దయవల్ల అంతదాకా రాలేదు.

ఊరికి వచ్చాక మా ఎదురింటి పెద్దమ్మ చేసిన సాయం నేను జన్మలో మరవలేను. స్టెరాయిడ్ల వల్ల పాపకు అర్ధరాత్రి కూడా ఆకలి వేసేది, అన్నం కోసం ఏడ్చేది. పెద్దమ్మ కొర్రన్నం, తాలింపు లేని ఆకుకూర పప్పు, ఉడికించిన గుడ్డు వండి పంపేవారు. ఏ పూటకు ఎంత పెట్టాలో డైటీషియన్ రాసిచ్చిన కాగితాన్ని తమ వంటింటి గోడకు అంటించుకున్నారు. మందుల షాపు అన్నయ్య ఇన్సులిన్ సీసాలను గడ్డకట్టకుండా ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచి, మండుటెండల్లో కరెంటు పోయినప్పుడు ఐసు డబ్బాలో పెట్టి కాపాడారు. స్టెరాయిడ్ తగ్గిస్తున్నప్పుడు షుగర్ మరీ పడిపోయే ప్రమాదం ఉంటుంది. ఆ రోజుల్లో నేను అంకె చెబితే ఎంత డోసు తగ్గించాలో ఏ వేళలోనైనా ఫోనులో చెప్పిన జూనియర్ డాక్టరు బాబుకు కృతజ్ఞతలు.

ఇప్పుడు పాపకు లుకేమియాకే రోజూ రాత్రి మెర్కాప్టోప్యూరిన్, వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ మాత్రలు. ఈ మెథోట్రెక్సేట్ తయారీ వెనుక 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం కృషి ఉందని వార్డులోనే తెలుసుకున్నాను. 1948లోనే కన్నుమూసిన ఆ మహానుభావుడికి కూడా నా నమస్కారం ఇక్కడే చెప్పుకుంటున్నాను.

పాపను చూడాలని అడుగుతున్నవారు దయచేసి ఇంకొన్నాళ్లు ఓపిక పట్టండి. రక్తకణాలు తక్కువగా ఉన్నప్పుడు జలుబు కూడా పాపకు ప్రమాదమే. డాక్టరమ్మ సరేనన్నాక నేనే ఫోను చేసి పిలుస్తాను.