అమ్మ లెక్కలో డాలస్ ఎండ

ఒరేయ్ మామా,

మొన్న ఫోన్ మధ్యలో పెట్టేశానని అలిగావట. అమ్మ కంగారు తీర్చే పనిలో పడ్డాన్రా, అందుకే.

అమ్మ డాలస్ వచ్చి వారమైంది. పొద్దున్నే ఫోన్ చూసి "ఇవాళ 104, బయటికి రాకమ్మా" అన్నాను. తాలింపు వేస్తున్నదల్లా గరిటె అక్కడే వదిలేసి వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. "ఒళ్ళు చల్లగానే ఉందేరా?" అంది. ఈలోగా ఆవాలు మాడిపోయాయి, అది వేరే కథ.

నవ్వాను గానీ, తప్పు ఆవిడది కాదు. మనిళ్ళల్లో జ్వరమంటే ఫారెన్‌హీట్, ఎండంటే సెల్సియస్. ఇక్కడేమో రెండిటికీ ఫారెన్‌హీటే. డాక్టరుగారి 102కీ, రెంటచింతల 45కీ లంకె ఉందని మనం మాత్రం ఎప్పుడనుకున్నాం? 40 డిగ్రీల ఎండంటే ఖచ్చితంగా 104 జ్వరమే!

ఇంకో తమాషా. ఒంటి మామూలు వేడని చెప్పే ఆ 98.6 ఉందే, దాన్ని దేవుడే దశాంశంతో సహా రాసిపెట్టాడనుకునేవాణ్ణి. 1868లో వుండర్లిష్ అనే జర్మన్ డాక్టరు చెప్పిన 37 సెల్సియస్‌నే ఫారెన్‌హీట్‌లోకి మారిస్తే వచ్చిన అంకె అది, అంతే.

అమ్మకి నోటిలెక్క నేర్పాను. సెల్సియస్‌ని రెట్టింపు చెయ్యి, వచ్చినదాంట్లో పదోవంతు తీసెయ్యి, 32 కలుపు. 40కి 80, ఎనిమిది పోతే 72, ముప్ఫైరెండు కలిపితే 104. వెనక్కి రావాలంటే 32 తీసి, సగం చేసి, ఆ సగానికి పదోవంతు కలిపితే సుమారుగా సరిపోతుంది. వేళ్ళ కణుపుల మీద లెక్కేసుకుంటూ పట్టేసింది.

నువ్వు మాత్రం పట్టుకోలేదు. ఏసీ 5 డిగ్రీలు తగ్గించానంటే ఫోన్‌లో కొట్టి చూసి, "మైనస్ 15 ఏంట్రా, ఫ్రిజ్‌లో పడుకుంటున్నారా?" అని మెసేజ్ పెట్టావు! తగ్గింది 5 రా బాబూ, ఏసీ 5 మీద లేదు. తేడాలు మార్చేటప్పుడు ఆ 32 జోలికి పోకూడదు. తొమ్మిదింట అయిదు వంతులు చాలు. అంటే నేను తగ్గించింది మూడు సెల్సియస్ కూడా లేదు.

నిన్న మందులషాపులో థర్మామీటరు కొన్నాం. అమ్మ నాలిక కింద పెట్టుకుని, 98.4 చూసి తెగ మురిసిపోయింది. "పోన్లే, జ్వరం మాత్రం ఇక్కడా మన లెక్కే" అంది. ఇవాళ పిన్నికి ఫోన్ చేసి "మాకు 39 కొడుతోందే" అని చెబుతోంది, పక్కింటావిడకేమో 102 అంటోంది.

ఈసారి మధ్యలో పెట్టను, ఆదివారం ఫోన్ చెయ్యి.

నీ
డాలస్ మామ