మంచులో విమానం తిరిగిపోతే పైలట్‌ని తిట్టొద్దు

ఎడిటర్ గారికి నమస్కారం,

మంచు పట్టి కడపలో దిగకుండా విమానం హైదరాబాద్‌కు తిరిగిపోయిందని, ప్రయాణికులు సిబ్బందితో గొడవ పడినారని మొన్న మీ పేపర్లో చదివినా. పోయిన జనవరిలో నేనూ అట్లాంటి విమానంలోనే ఉన్నా, అందుకే రాస్తాండా.

ఫ్యాన్లుండే చిన్న విమానం. కిందికొచ్చేకొద్దీ కిటికీ బయట అంతా తెల్లగా, తిరిగే ఫ్యాన్ కూడా సరిగ్గా కనపడల్యా, చక్రాలు దిగిన చప్పుడు ఇనపడింది, ఇంక నేల తగుల్తాది అనుకుంటాంటే ఇంజన్ గట్టిగా మోగి ఒక్కసారిగా పైకి లేసిపోయింది. పక్క సీట్లో ప్రొద్దుటూరు అవ్వ "ఏమైంది నాయనా" అని నా చెయ్యి పట్టుకున్నది మళ్ళా హైదరాబాద్‌లో దిగేదాకా వదల్లేదు. తిరిగిపోతాండామని పైలట్ చెప్పగానే ఒకాయన లేసి దించడం రాకుంటే ఎందుకు తోలుతాండారని ఎయిర్‌హోస్టెస్ పాప మీద అరిసినాడు. ఆ పాపేం చేస్తాది సార్? నేనైనా లేసి ఒక మాట అనుండాల్సింది, అనలేదు, ఆ బాధ ఇంకా ఉంది.

పైలట్‌కి ఒక లెక్క ఉంటాది. మామూలు ఐఎల్ఎస్ (రేడియో సిగ్నల్‌తో రన్‌వేకి దారి చూపే పరికరం) ఉన్నచోట సుమారు 200 అడుగుల ఎత్తుకొచ్చేసరికి రన్‌వే గానీ దాని లైట్లు గానీ కనపడాల, కనపడకుంటే ఇంకొంచెం దిగి చూద్దాం అనేదే ఉండకూడదు, పైకి లేపాల్సిందే. ఢిల్లీలో 50 మీటర్లు కనపడినా దించుతారు కదా అంటారు, అక్కడుండే పరికరాలు వేరే, ఆ విమానానికీ పైలట్లకీ దానికని పర్మిషన్, ట్రైనింగ్ ఉండాల. చిన్న ఎయిర్‌పోర్టుల్లో అవన్నీ యాడుంటాయి.

2020 ఆగస్టు 7న కోళికోడ్‌లో ఏమైందో గుర్తు చేసుకోండి. దుబాయ్ నుంచి వచ్చిన విమానం, జోరు వాన, ఒకసారి దిగలేక పైకి లేసింది, కెప్టెన్ వైపు వైపర్ సరిగా పనిచేయల్యా, రెండోసారి వెనక గాలితో వచ్చి 2,700 మీటర్ల రన్‌వేలో సుమారు సగం దాటినాక నేల తగిలింది. పక్కనున్న కోపైలట్ గో అరౌండ్, అంటే దించొద్దు మళ్ళా పైకి లేపు అన్నాడని, అయినా పైకి లేపలేదని దర్యాప్తు రిపోర్టులోనే ఉంది. 21 మంది పోయినారు. మా కడప జిల్లాలో కువైట్‌కి పోయినోళ్ళు లేని ఊరే లేదు, ఆ రాత్రి టీవీ ముందర మేం ఎట్ల కూర్చున్నామో మాకే తెలుసు.

2009 సెప్టెంబర్ 2న వైఎస్ రాజశేఖరరెడ్డి గారు పోయిన సంగతి కడపోళ్ళకి నేను చెప్పాల్నా? అది ల్యాండింగ్ కాదు, హెలికాప్టర్, నిజమే, కానీ నల్లమల మీద ఆ మబ్బులు, ఆ వాన... తెల్లారేదాకా ఒక్క కబురు లేదు.

సార్, మీకొక్క మనవి. ఈసారి విమానం తిరిగిపోయిన వార్త వేసేటప్పుడు ప్రయాణికుల గొడవతో పాటు ఆ టైంలో విజిబిలిటీ ఎన్ని మీటర్లుండిందో, దిగాలంటే ఎంతుండాల్నో ఎయిర్‌పోర్టులో కనుక్కోని పక్కనే వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఎర్రముక్కపల్లి, కడప